వాయిదా తప్పిన వ్యాజ్యము

మన సంఘ సభ్యులలో నొకరు గడచిన వానకారు చివరను కార్యాలయమునకు వచ్చి, యొక కాగితమును బల్లపై నుంచి, దీనిలో నేమి వ్రాసియున్నదో చదివి చెప్పుడని కోరిరి. అది సివిలు కోర్టువారి ఉత్తరువు నకలు. మూడు పంక్తులకు మించదు. వాదిని పిలువగా హాజరు కాలేదనియు, ఆయన తరపున నెవరును పలుకలేదనియు, ప్రతివాది ప్లీడరు హాజరుగా నున్నారనియు, కావున దావా గైరుహాజరు క్రింద కొట్టివేయడమైనదనియు దాని తాత్పర్యము.

ఆయన రెండెకరముల మాగాణి కొనుటకు ఒప్పందపత్రము వ్రాయించుకొని, సొమ్ములో నెక్కువ భాగము ముందే చెల్లించియుండిరి. అమ్మజూపినవారు రిజిస్టరు చేయుటకు నిరాకరింపగా గడువులోపలనే దావా వేసిరి. పత్రము, రసీదులు, సాక్షులు అన్నియు సరిగానే యున్నవి. వాది సాక్ష్యమునకు వాయిదా పడిన దినముననే కాలువ నీటి వంతు వచ్చినది. నాట్లకు కూలీలు కుదిరిరి. ప్లీడరుగారు చూచుకొందురులే యని ఆయన పొలమునకు పోయిరి. ప్లీడరుగారా దినమున మరియొక కోర్టులో నుండిరి. తరువాత రెండు మూడు సారులు గుమాస్తాకు ఫోను చేయగా, వాయిదా పడినది, తేది తెలిపెదమని జవాబు వచ్చినది. నిజము తెలియునప్పటికి 77 దినములు గడచినవి.

ఆయన అడిగిన ప్రశ్న చిన్నది: మరల దావా వేయవచ్చునా? ఈ ప్రశ్నకు ఊరిలో పదిమంది పది ఉత్తరములు చెప్పిరట. ఉత్తరము దావా ఏ నిబంధన క్రింద పోయినదో దానినిబట్టి యుండును. కొట్టివేత యను మాట యొక్కటే యైనను దానిలో రకములు పెక్కులు గలవు. ఒక్కొక్క దానికి తిరిగి తెరచుకొను తలుపు వేరు, ఆ తలుపు మూసుకొను గడువును వేరు. ఆ భేదమును తెలిసికొనుటకే ఈ నెల పాఠము.

సివిలు వ్యాజ్యముల విచారణ 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు ననుసరించి జరుగును. ఆ చట్టము పలుమారులు సవరింపబడి నేటికిని అమలునందున్నది. దానిలో 9వ ఆర్డరు గైరుహాజరును గూర్చినది. పిలిచిన దినమున వాది ప్రతివాదు లిద్దరును రాకున్న 3వ రూలు క్రింద దావాను కొట్టివేయవచ్చును. సమను పంపుటకు కట్టవలసిన రుసుమును వాది కట్టనందున అది ప్రతివాదికి చేరకపోయినచో 2వ రూలు క్రింద కొట్టివేయవచ్చును. ఈ రెండు సందర్భములందును వాదికి రెండు దారులున్నవి. కాలపరిమితి యింకను మిగిలియున్నచో క్రొత్త దావా వేసికొనవచ్చును. లేదా పాత దావానే మరల ఫైలునకు తీసికొమ్మని అర్జీ పెట్టుకొనవచ్చును. పంపిన సమను అందక తిరిగివచ్చినప్పుడు, ఆ తిరిగివచ్చిన తేది మొదలు 7 దినములలో క్రొత్త సమనుకై కోరకున్నను దావా పోవు నిబంధన 5వ రూలునందు గలదు. ప్రతివాది ఇల్లు మారెననియు, వలస పోయెననియు తెలిసిన వెంటనే సరియైన చిరునామాను ప్లీడరునకు అందించు బాధ్యత కక్షిదారునిదే.

ప్రతివాది హాజరై దావాను ఒప్పుకొనకుండగా, వాది మాత్రమే రాకపోయినచో వచ్చునది 8వ రూలు. మన సభ్యునికి తగిలినది ఇదియే. దీని వెంట నున్న 9వ రూలు కఠినమైనది. అదే వ్యాజ్యకారణముపై క్రొత్త దావా వేయుటకు వీలులేదని అది శాసించుచున్నది. మిగిలిన దారి యొక్కటే: ఆ దినమున రాలేకపోవుటకు తగిన హేతువున్నదని కోర్టువారికి తృప్తి కలిగించి, కొట్టివేతను రద్దు చేయించుకొని, పాత దావానే నిలుపుకొనుట. ఈ అర్జీకి గడువు కొట్టివేసిన తేది మొదలు 30 దినములు. తెలిసిన తేది మొదలు కాదని పాఠకులు గమనింతురుగాక. అర్జీని త్రోసివేసినచో దానిపై అప్పీలు గలదు.

మన సభ్యుడు 9వ రూలు లేకున్నను క్రొత్త దావా వేయలేకపోయెడివారే. ఒప్పందము ప్రకారము రిజిస్టరు చేయింపుమని కోరు దావాకు గడువు 3 సంవత్సరములు. పత్రములో తేది నిర్ణయించియున్నచో ఆ తేది మొదలును, లేనిచో ఎదిరివారు నిరాకరించినట్లు తెలిసినది మొదలును లెక్కింపవలెను. దావా కోర్టులో నడచుచుండగనే ఆ మూడేండ్లును నిండిపోయినవి. కొట్టివేసిన దావా లేవనిచో ఆయన యిచ్చిన సొమ్మును, రెండెకరముల భూమియు చేయిజారినట్లే.

ఈ గడువులన్నియు 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టములో నున్నవి. కాలదోషము పట్టినదను మాట మన రైతులకు క్రొత్తది కాదు. ప్రాంసరీ నోటు వ్రాసికొన్న ప్రతివారికిని అది తెలియును. అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన నోటుపై దావాకు గడువు నోటు తేది మొదలు 3 సంవత్సరములు. ఆ లోపల బాకీదారుడు కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లును నోటు వెనుక తన చేవ్రాతతో గాని తన సంతకముతో గాని వ్రాసియిచ్చినచో, ఆ చెల్లు తేది మొదలు మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. సొమ్మివ్వకున్నను, బాకీ యున్నదని గడువులోపల సంతకము చేసిన కాగితమున్న చాలును. ఇచ్చినవాడు తానే చెల్లు వ్రాసికొని తానే సంతకము చేసికొన్నచో అది చెల్లదు. ఈ తప్పు మన గ్రామములలో నేటికిని జరుగుచునే యున్నది.

భూమి విషయము మరింత గంభీరమైనది. తన హక్కుభూమి పరుల స్వాధీనములో వారి స్వంతమన్నట్లుగా నుండి 12 సంవత్సరములు గడచినచో, దానిని తిరిగి పొందు దావాకు కాలదోషము పట్టును. అంతియే కాదు, బాకీ విషయమున దావా వేయు మార్గము మాత్రమే పోవునుగాని, భూమి విషయమున 27వ సెక్షను ప్రకారము హక్కే నశించును. పట్నములలో కాపురముండి పొలమును దాయాదులకు మాటమీద విడిచినవారు ఈ సంగతిని మనసునందుంచుకొనవలెను. కౌలునకో, అనుమతి మీదనో ఉన్నవారి స్వాధీనమునకు ఈ లెక్క పట్టదుగాని, అనుమతి యిచ్చితినని చూపుటకు కాగితమొకటి యుండవలెను.

ఈ చట్టములో 3వ సెక్షను మిక్కిలి ముఖ్యమైనది. ప్రతివాది కాలదోషము మాట ఎత్తకున్నను, గడువు దాటిన దావాను కోర్టువారు తామే కొట్టివేయవలెను. ఎదిరివారు మంచివారు, ఆ మాట ఎత్తరు అను భరోసా ఇక్కడ పనికిరాదు. ఆలస్యమును మన్నించు అధికారమును 5వ సెక్షను ఇచ్చుచున్నది. అయితే అది అప్పీళ్లకును అర్జీలకును మాత్రమే. మొదటి దావాకు వర్తింపదు. మూడేండ్ల గడువునకు ఒక్కదినము దాటి దావా వేసినవానికి జ్వరము వచ్చినను, వరద వచ్చినను ఆ సెక్షను రక్షింపదు. గడువు చివరి దినమున కోర్టునకు సెలవైనచో, కోర్టు తెరచిన మొదటి దినమున వేసికొనవచ్చును. మైనరు బిడ్డల హక్కులకును, మోసముచేత దాచబడిన సంగతులకును వేరు లెక్కలు గలవు. తనకు అధికారము లేని కోర్టులో మంచి నమ్మకముతో శ్రద్ధగా నడపిన కాలమును 14వ సెక్షను తీసివేయును. సహకార సంఘ వ్యవహారములకు సంబంధించిన తగాదాలను 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము 61వ సెక్షను ప్రకారము రిజిస్ట్రారునకు నివేదింపవలసియుండగా, తెలియక సివిలు కోర్టునకు పోవు సభ్యులకు ఈ 14వ సెక్షను అక్కరకు వచ్చును.

కాలపరిమితి చట్టము ఋణస్థుని రక్షణకే పుట్టినదని చెప్పుదురు. కాని దాని చరిత్ర చిత్రమైనది. 1859వ సంవత్సరపు చట్టము రిజిస్టరు గాని ఋణపత్రములకు 3 సంవత్సరముల గడువు పెట్టగా, దక్కనులోని షాహుకార్లు మూడేండ్లు నిండకముందే వడ్డీని అసలులో కలిపి క్రొత్త పత్రములు వ్రాయించుకొనసాగిరి. రైతులు కోర్టునకు పోక ఇంట నుండగా వారిపై ఏకపక్షపు డిక్రీలు పుట్టెను. 1875లో పూనా, అహమ్మదునగరు జిల్లాలలో రైతులు షాహుకార్ల పత్రములను గుంజుకొని తగులబెట్టిన కల్లోలమునకు ఇవియు కారణములే. దానిపై విచారణ జరిగి, 1879లో దక్కను వ్యవసాయదారుల విమోచన చట్టము వచ్చినది. ఆ రైతులలో పెక్కురు తమపై దావా నడచినదనియే ఎరుగరు.

సమను తప్పించుకొను పద్ధతి నేటికిని పోలేదు. అమీనా వచ్చినప్పుడు పెరటిదారిన పోవుట, రిజిస్టరు తపాలాను వద్దని త్రిప్పి పంపుట తెలివియని కొందరి యెన్నిక. తీసికొన నిరాకరించిన సమను అందినట్లే లెక్క. తలుపునకు అంటించినను సరిపోవును. ప్రతివాది సమను అందిన 30 దినములలో జవాబు పత్రము దాఖలు చేయవలెను. కారణములు వ్రాసి కోర్టువారు దానిని 90 దినములవరకు పొడిగింపవచ్చును. అంతకుమించిన ఆలస్యమును అసాధారణ సందర్భములలో మన్నింపవచ్చునని 2005లో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరిగాని, దానిని నమ్ముకొని కూర్చుండువాడు సాహసి. రాకున్నచో ఏకపక్ష డిక్రీ వచ్చును. దానిని రద్దు చేయించుకొనుటకు గడువు డిక్రీ తేది మొదలు 30 దినములు; సమను నిజముగా సరిగా అందనిచో మాత్రమే డిక్రీ సంగతి తెలిసినది మొదలు 30 దినములు.

ఇక దావా నడచుచుండగా కక్షిదారుడు మరణించుట. మన కోర్టులలో భూమి వ్యాజ్యములు తండ్రి వేయగా కుమారుడు ముగించుట సామాన్యము కాబట్టి దీనిని ప్రత్యేకముగా వ్రాయుచున్నాను. వాది గాని ప్రతివాది గాని చనిపోయినచో 90 దినములలో వారి వారసులను దావాలో చేర్పవలెను. చేర్పకున్న చనిపోయినవారి మట్టుకు దావా దానంతట అదే అంతరించును; కోర్టువారు ఉత్తరువు వేయనక్కరలేదు. అంతరించిన తరువాత దానిని లేవనెత్తుటకు మరి 60 దినములు గలవు. అదియును దాటినచో 5వ సెక్షను క్రింద ఆలస్యమును మన్నింపుమని వేడుకొనవలెను. కర్మకాండలు, వారసత్వపు సర్టిఫికెట్టు, అన్నదమ్ముల మాటపట్టింపులు వీనిలో మూడు నెలలు ఎట్లు గడచునో తెలియదు. తండ్రిగారి పేరున వ్యాజ్యమున్న యింటిలో, మరణము రిజిస్టరు చేయించిన వారముననే ప్లీడరునకు కబురు చేయుట మేలు.

కోర్టు ఫీజు తక్కువ కట్టి, సరిచేయుటకు ఇచ్చిన గడువును దాటించుకొన్నచో దావాపత్రము 7వ ఆర్డరు 11వ రూలు క్రింద త్రోసివేయబడును. ఇది కొంత తేలిక. కాలపరిమితి మిగిలియున్నచో మరల క్రొత్త దావాపత్రము వేసికొనవచ్చును.

ఆలస్యమును కోర్టువారు ఎట్లు కొలుతురు? ఇందుకు కొన్ని తీర్పులు చూడదగినవి. జమ్మూ కాశ్మీరునందు భూసేకరణ పరిహారమును ఎనిమిదింతలుగా పెంచిన తీర్పుపై ప్రభుత్వము 4 దినములు ఆలస్యముగా అప్పీలు వేయగా, హైకోర్టువారు ఆ నాలుగు దినములకే దానిని కొట్టివేసిరి. 1987లో సుప్రీంకోర్టువారు దానిని మరల నిలిపి, ఆలస్యము చేసినందున కక్షిదారునికి లాభమేమియు నుండదు గనుక, సాంకేతిక కారణముకంటె గుణదోష విచారణకే మొగ్గు చూపవలెనని చెప్పిరి. ప్లీడరు రానందున పల్లెటూరి కక్షిదారుడు నష్టపోరాదని 1981లోనే వారు తీర్పు చెప్పియుండిరి. 1998లో 883 దినముల ఆలస్యమును, ఎదిరివారికి 10,000 రూపాయల ఖర్చులు చెల్లింపవలెనను షరతుపై మన్నించిరి. దినముల సంఖ్య కాదు, చెప్పిన కారణము నమ్మదగినదా యనునదే ప్రధానమని వారి అభిప్రాయము.

ఇవి చదివి నిశ్చింతగా నుండరాదు. 2012లో తపాలా శాఖవారు 427 దినములు ఆలస్యముగా రాగా, ఫైళ్లు తిరుగుటే కారణమను వాదమును అదే కోర్టువారు ఒప్పుకొనలేదు. కర్ణాటకమున భూములు పోయినవారు హెచ్చు పరిహారమునకై ఐదున్నర సంవత్సరములు ఆలస్యముగా అప్పీలు వేయగా, తగిన హేతువు లేదని 2013లో నిరాకరింపబడిరి. తక్కినవారికి ఎక్కువ పరిహారము వచ్చినదను మాటయు వారిని రక్షింపలేదు. నా దృష్టిలో ఈ తీర్పులకు విరోధము లేదు. కారణమును దినము వెంట దినముగా, కాగితములతో చూపినవారు నిలిచిరి. ఊరక మన్నింపుమన్నవారు నిలువలేదు.

కావున ఆలస్యమైనవారు మొదట చేయవలసినది సంజాయిషీని కూర్చుకొనుట. జ్వరమైనచో వైద్యుని చీటీ, రాకపోకలు నిలిచినచో ఆ దినపు వార్తాపత్రిక, నీటి వంతైనచో వంతుపట్టిక, ప్లీడరు కార్యాలయమునకు ఫోను చేసినచో ఆ ఫోను లెక్క. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. లేని జబ్బును తెచ్చుకొని అఫిడవిట్టులో ప్రమాణము చేసినవాడు అడ్డుప్రశ్నలలో దొరకిపోయి, నిజముగా నున్న కారణమునుకూడ పోగొట్టుకొనును.

అప్పీలు వేయదలచినవారు తీర్పు నకలుకై వెంటనే దరఖాస్తు చేయవలెను. జిల్లా కోర్టునకు అప్పీలు గడువు 30 దినములు, హైకోర్టునకు 90 దినములు. నకలు తయారగుటకు పట్టిన కాలము ఈ లెక్కలోనుండి తీసివేయబడును. దరఖాస్తు పెట్టకుండ కూర్చున్న దినములు తీసివేయబడవు.

తేదీలు తెలిసికొనుటకు పూర్వమువలె కోర్టు వరండాలో నిలువనక్కరలేదు. ప్రతి వ్యాజ్యమునకును 16 అక్షరములు, అంకెలు గల సి.ఎన్.ఆర్. సంఖ్య యొకటి యుండును. ఇ-కోర్టుల సేవలో ఆ సంఖ్యను నొక్కినచో రాబోవు వాయిదాయు, గడచిన వాయిదాలలో జరిగిన పనియు చేతి ఫోనునందే కనబడును. మన సభ్యుని ఫోనులో ఆ సంఖ్యను మేము నొక్కి చూడగా కొట్టివేసిన తేది అరనిమిషములో కనబడినది. దావా వేసిన దినముననే ఈ సంఖ్యను ప్లీడరునొద్ద అడిగి, భూమి పాసుపుస్తకము అట్టమీద వ్రాసికొనవలెను. ప్లీడరు నియామకమునకు శక్తి లేనివారికి 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము న్యాయసేవా సంస్థలు ఉచితముగా సహాయము చేయును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేదు. వరదచేతను అనావృష్టిచేతను నష్టపోయినవారును దీనికి అర్హులేయని రైతులలో చాలమందికి తెలియదు.

మన సభ్యుని తరపున రెండు అర్జీలు దాఖలైనవి: దావాను నిలుపుమని యొకటి, 30 దినములమీద దాటిన 47 దినములను మన్నింపుమని యొకటి. నాట్లు పడుటయే తగిన హేతువని కోర్టువారు ఒప్పుకొందురో లేదో చెప్పలేము. గుమాస్తాకు చేసిన ఫోనుల లెక్కయు, నీటి సంఘమువారి వంతుపట్టికయు జతపరచబడినవి. ఎదిరివారికి నోటీసు వెళ్లినది. వాయిదా వచ్చు నెల 2వ సోమవారము. ఆ దినమున నీటి వంతు లేదు. ఉన్నను కుమారుని పొలమునకు పంపి తాను కోర్టునకే పోవుదునని ఆయన చెప్పిరి.